ముప్పై అయిదో మీటరు దగ్గర

స్టేడియంలో ఆయన్ను అందరూ గాలి మాస్టారు అనేవారు. వెక్కిరింపుగా పుట్టిన పేరు, ఏళ్ళు గడిచేకొద్దీ మర్యాదగా మారింది. ముప్పై నాలుగేళ్ళు ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పారు. ఆ ఉద్యోగంలో ఉండగానే పరీక్ష రాసి, అథ్లెటిక్స్ పోటీల్లో గాలి వేగం కొలిచే అధికారిగా అనుమతి పత్రం తెచ్చుకున్నారు.

ఆ పని చూడడానికి చిన్నదే. లాంగ్ జంప్ పరుగుబాట పక్కన, దూకే పలకకు సరిగ్గా ఇరవై మీటర్ల దూరంలో, నేలకు నూట ఇరవై రెండు సెంటీమీటర్ల ఎత్తున, మూడుకాళ్ళ స్టాండు మీద ఒక పరికరాన్ని నిలబెట్టాలి. పరుగున వచ్చేవారు ఒక గుర్తును దాటగానే బటన్ నొక్కాలి. అప్పటినుంచి అయిదు సెకన్లు వీచిన గాలి సగటును పరికరం అంకెగా చూపుతుంది. వెనకనుంచి తోసే గాలి సెకనుకు రెండు మీటర్లు మించితే, ఆ దూకు ఆనాటి పోటీ వరకు చెల్లుతుంది గాని, రికార్డుకూ పై పోటీల అర్హతకూ పనికిరాదు. ఇక గుర్తు అంటే ఒక చిన్న పసుపు కోను. లాంగ్ జంప్‌కు దాన్ని పలకకు నలభై మీటర్ల దూరంలో పెట్టాలి. ట్రిపుల్ జంప్‌కు ముప్పై అయిదు మీటర్ల దూరంలో.

కోను బాధ్యత ఆయన భార్యది. ఆవిడ ఆసుపత్రిలో వార్డు నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. ఇరవై ఒక్కేళ్ళ కిందట ఒక ఆదివారం ఉదయం, "వారమంతా బడికి, ఆదివారం గాలికి పోతే ఇక ఇంట్లో ఎవరున్నట్టు? నేనూ వస్తా పదండి" అని ఆయన వెంట బయలుదేరారు. ఆ తరవాత తనూ అదే పరీక్ష రాసి, ఆయన కంటే మూడు మార్కులు ఎక్కువ తెచ్చుకున్నారు. ఆ మూడు మార్కుల సంగతి ఇంటికి ఎవరు వచ్చినా ఎత్తకుండా పంపేవారు కాదు.

వారిద్దరిదీ ఒక పద్ధతి. ఆవిడ టేపుతో కొలిచి కోను పెట్టి, "నలభై" అని కేకవేసేవారు. ఆయన పరికరం దగ్గరనుంచి "నలభై" అని బదులిచ్చి, అప్పుడే కుర్చీలో కూర్చునేవారు. బటన్ ఆయనది, పుస్తకంలో అంకెలు వేయడం ఆవిడది. తనిఖీ పత్రంలో రెండు గళ్ళుంటాయి: అమర్చినవారు, సరిచూసినవారు. కోను మార్చడం, పత్రంలో ఆ వరుసకు ఎదురుగా మొదటి సంతకం చేయడం, రెండూ ఆవిడవే. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కసారి కూడా ఆ కోనును చేత్తో పట్టుకోలేదు.

జబ్బు బయటపడ్డ పదకొండు వారాలకు ఆవిడ పోయారు. అది జరిగిన అయిదు నెలలకు, ఇరవై ఏళ్ళలోపు వారి అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీలు ఆ నగరానికి మొదటిసారి వచ్చాయి. నిర్వాహకుడు ఫోన్ చేసి, "మాస్టారూ, ఈసారి మీకు సహాయకుణ్ణి ఒకరిని ఇస్తున్నాం" అన్నాడు.

"వద్దు బాబూ. నేను చూసుకుంటాను."

"ఇద్దరి పని కదండీ?"

"ఒక్కణ్ణే చూసుకుంటానన్నాను కదా."

ఆ రెండో కుర్చీలో మరో మనిషి కూర్చుని అంకెలు వేస్తుంటే చూడడం ఆయన వల్ల కాదు. ఆ మాట నిర్వాహకుడితో చెప్పడమూ ఆయన వల్ల కాలేదు.

ఆ పోటీల్లో ఆ నగరం పిల్ల ఒకతె ఉంది. తొమ్మిదేళ్ళ వయసునుంచి ఆ ఇసుక గుంటలోనే దూకి పెరిగింది. సన్నగా, పొడుగ్గా, మోకాళ్ళే మనిషిగా ఉండేది. మాస్టారి భార్య 'మిడత' అని పిలిస్తే అదే పేరు స్థిరపడింది. వాళ్ళమ్మ కుట్టుపని దుకాణం మూసి వచ్చేదాకా ఆ పిల్ల సాయంత్రాలు మాస్టారి ఇంట్లోనే గడిపేది. ఆయన్ను తాతయ్యా అనీ ఆవిడను అమ్మమ్మా అనీ పిలిచేది. మడమ పగిలినా చీలమండ మెలిపడ్డా కట్టు కట్టింది అమ్మమ్మే. చివరి వారాల్లో ఆసుపత్రి మంచం పక్కన కూర్చుని, తాగడానికి నీళ్ళు చెంచాతో పోసింది ఈ మిడతే.

ఇప్పుడు పంతొమ్మిదేళ్ళు. వచ్చే ఏటికి ఈ పోటీల వయసు దాటిపోతుంది. పెద్దల ప్రపంచ పోటీలకు అర్హత దూరం ఆరు మీటర్ల అరవై అయిదు. దాన్ని అందుకునే గడువు లాంగ్ జంప్ తుది పోటీ నాటి సాయంత్రంతో ముగుస్తుంది. మిడత అత్యుత్తమం అప్పటికి ఆరు మీటర్ల యాభై రెండు.

నాలుగో రోజు ఉదయం అబ్బాయిల ట్రిపుల్ జంప్ జరిగింది; దానికి కోనును ఆయనే కొలిచి పెట్టుకున్నారు. మధ్యాహ్నం అమ్మాయిల లాంగ్ జంప్ తుది పోటీ. విరామంలో మాస్టారు అధికారుల గదిలో ఒంటరిగా కూర్చుని అన్నం తిన్నారు. పత్రం ముందుకు లాక్కుని, పరికరం ఎత్తు, బాటనుంచి దూరం, బ్యాటరీ, గడియారం ఒక్కొక్కటే చూసుకుని వచ్చి గళ్ళు నింపారు. 'గుర్తు స్థానం' అన్న వరుస దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. ఆ గడిలో ఎప్పుడూ ఉండే గుండ్రని సంతకం గుర్తుకొచ్చింది. దాని స్థానంలో తన సంతకం చేశారు. పక్క గడిలోనూ చేశారు. ఆలోచన సంతకం మీదే ఉండిపోయింది. కోను మీదకు పోలేదు.

పోటీకి ముందు మిడత బాట పక్కగా వచ్చి వంగి పలకరించింది. "తాతయ్యా, గాలి ఇవాళ నా వైపేనా?"

"గాలికి వైపు ఉండదు. దిశ ఉంటుంది."

"అబ్బా, మొదలెట్టేశారు పాఠం! అమ్మమ్మయితే 'నీ వైపేనే' అనేది."

"అది శాస్త్రం కాదు, గారాబం."

పిల్ల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

గాలి ఆ మధ్యాహ్నం నిలకడగా లేదు. ఒక దూకుకు రెండు పాయింట్ మూడు, మరో దూకుకు సున్నా పాయింట్ ఎనిమిది. మిడత పరుగు అందరికంటే పొడుగు, నలభై రెండు మీటర్లు. మిగతావాళ్ళ పరుగులు ముప్పై నాలుగు మీటర్లు మించవు; గుర్తుకు లోపలినుంచి బయలుదేరేవారికి పరుగు మొదలవగానే బటన్ నొక్కాలి. అయిదో ప్రయత్నంలో పరుగెత్తి వచ్చింది. కోను దాటగానే ఆయన బటన్ నొక్కారు. ఇసుక లేచింది. కొలిచేవారు అంకె చెప్పారు. ఆరు మీటర్ల అరవై ఎనిమిది. గాలి ఒకటి పాయింట్ తొమ్మిది.

పతకం రాలేదు. మూడో స్థానం పిల్ల రెండు సెంటీమీటర్లు ఎక్కువ దూకింది. అయితేనేం, మిడత శిక్షకురాలు కంచె మీదనుంచి వాలిపోయి అరిచింది: "పతకం పోతే పోనీవే! పెద్దవాళ్ళ పోటీకి పోతున్నావే పిచ్చిదానా!" మిడత ఇసుక ఒంటితోనే వెళ్ళి ఆమెను వాటేసుకుంది. వాళ్ళమ్మ పై మెట్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

అంతా అయ్యాక మాస్టారు సామాను సర్దారు. చివరగా కోను తేవడానికి వెళ్ళారు. వంగి ఎత్తబోతే, బాట అంచున తెల్ల రంగుతో రాసిన అంకె కనిపించింది. ముప్పై అయిదు.

ఆయన కోను ఎత్తలేదు. తల తన పని తాను చేసుకుపోయింది. ఆ అయిదు మీటర్లు దాటడానికి, ఇంకా వేగం అందుకోని దశలో, ఆ పిల్లకు దాదాపు ఒక సెకను పట్టి ఉంటుంది. అంటే బటన్ ఒక సెకను ఆలస్యంగా నొక్కారు. కొలవాల్సిన అయిదు సెకన్లలో మొదటిది పోయింది, అక్కర్లేనిది ఒకటి చివర వచ్చి చేరింది. పరికరంలో సగటే మిగులుతుంది. పోయిన సెకను ఎక్కడా ఉండదు.

జంప్‌ల రిఫరీ ఇరవై ఏళ్ళ స్నేహితుడు, వృత్తికి పళ్ళ డాక్టరు. బల్ల దగ్గర ఫలితాల కాగితాలు పేర్చుకుంటున్నాడు.

"ఏంటి మాస్టారూ ఆ మొహం? పన్ను నొప్పా? పోటీలయ్యాక రండి, పీకేస్తా."

"కోను ముప్పై అయిదులో ఉంది."

డాక్టరు చేతులు ఆగిపోయాయి. గొంతు తగ్గించి, "ఎవరైనా చూశారా?" అన్నాడు.

"నేను చూశాను."

"అది కాదు మాస్టారూ... ఒక్క సెకను! ఒక్క సెకను గాలికి ఏం కొంప మునుగుతుంది?"

"పోయిన సెకను గాలి, చివర చేరిన సెకను గాలి కంటే అర మీటరు మించి ఉంటే చాలు. సగటు రెండు దాటిపోతుంది. ఇవాళ దూకుకూ దూకుకూ మధ్యే ఒకటిన్నర తేడా వచ్చింది."

"తక్కువ ఉండి ఉండొచ్చు కదా?"

"ఉండొచ్చు."

"మరింకేం?"

"ఏదో ఒకటని మీరు సంతకం పెడతారా?"

డాక్టరు కాగితాలు పక్కకు నెట్టాడు. "మిగతావాళ్ళకి దీంతో పని లేదు. స్థానాలు మారవు. పోయేదల్లా ఆ పిల్లదొక్కదానిదే. మీ ఇంట్లో తిరిగిన పిల్ల."

"తెలుసు."

"మీ ఆవిడ ఉంటే ఏమనేదో ఆలోచించండి."

"ఆవిడ ఉంటే కోను నలభైలో ఉండేది" అన్నారు మాస్టారు. కుర్చీ లాక్కుని నివేదిక పత్రం అందుకున్నారు.

నివేదిక పత్రంలో కారణం రాయడానికి రెండు పంక్తుల జాగా ఉంది. "సహాయకుణ్ణి ఇవ్వలేదని రాయండి, మీ మీదికి రాదు" అన్నాడు డాక్టరు. "ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను" అని, మాస్టారు ఒక్క వాక్యం రాశారు: గుర్తును నేను మార్చలేదు, సరిచూడకుండా రెండు గళ్ళలోనూ సంతకం చేశాను. ఫలితాల పట్టికలో మిడత దూకు ఎదుట ఒకటి పాయింట్ తొమ్మిది కొట్టివేసి, 'గాలి సమాచారం లేదు' అని రాశారు. గాలి కొలత లేని దూకు కూడా అర్హతకు పనికిరాదు.

కబురు మరొకరి నోట వినకూడదని ఆయనే వెళ్ళారు. బట్టలు మార్చుకునే గదుల ముందు నడవాలో మిడత బెంచీ మీద కూర్చుని, బూట్లలో ఇసుక దులుపుకుంటోంది. శిక్షకురాలు పక్కన నిలబడి ఎవరితోనో ఫోన్‌లో సంబరంగా మాట్లాడుతోంది. ఆయన జరిగింది జరిగినట్టు, పాఠం చెప్పినంత వరసగా చెప్పారు. మరోలా చెప్పడం ఆయనకు రాదు.

శిక్షకురాలు ఫోన్ దింపింది. "మీకేమైనా మతి పోయిందా? పదేళ్ళు! పదేళ్ళు దీని వెనకాల పరిగెత్తాను నేను. మీ పొరపాటుకి దీని గొంతు కోస్తారా? నోరు మూసుకుని ఊరుకుంటే మీ సొమ్మేం పోయేది?"

మిడత బూటు కింద పెట్టింది.

"తాతయ్యా, ఆ సెకనులో గాలి నన్ను తోసిందంటారా?"

"తెలియదమ్మా."

"మీకేమనిపిస్తోంది?"

"అనిపించడం కాదమ్మా... నాకు తెలియదు."

"ఒక్కసారి అబద్ధం చెప్పొచ్చు కదా. నా దూకు నిజమేనని. కాగితం మీద కాదు, నాకు చెప్పండి చాలు."

ఆయన పెదవి కదిపారు. అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు; నువ్వు దూకింది నేను కళ్ళారా చూశాను అంటే సరిపోయేది. అది నిజం కూడా. ఆ మాట ఆయనకు ఆ క్షణాన తట్టలేదు. ఇంటికి వచ్చి, తలుపు తాళం తీస్తుండగా తట్టింది.

పిల్ల అప్పటికి మెట్లెక్కి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది.

అథ్లెటిక్స్ సంఘంవాళ్ళు ఆయన్ను మందలించి ఊరుకున్నారు. ఒక్క పొరపాటుకు ఇరవై ఏళ్ళ పైచిలుకు పని తుడిచిపెట్టుకుపోదన్నారు. ఆయన అనుమతి పత్రం తిరిగి ఇచ్చేశారు. మరుసటి ఏడు మిడత పెద్దల విభాగంలో తొమ్మిది పోటీల్లో దూకింది. అత్యధికం ఆరు మీటర్ల యాభై ఏడు. ఆ తొమ్మిది అంకెలూ, వాటి గాలి కొలతలూ మాస్టారికి కంఠతా వచ్చు. ఆ తరవాత మడమ నొప్పి ముదిరింది. ఇప్పుడు అదే స్టేడియంలో చిన్నపిల్లలకు దూకడం నేర్పుతోంది.

మాస్టారు ఉదయం పూట బయటి కంచె వెంట నడుస్తారు. ఎదురైతే ఆమె ఆగి, చేతులు జోడించి, "నమస్కారం సార్, ఆరోగ్యం బాగుంటోందా?" అంటుంది. ఆ మర్యాదలో ఎక్కడా లోపం ఉండదు. "బాగానే ఉందమ్మా" అంటారాయన. కళ్ళారా చూశానన్న ఆ మాట నాలుక చివరి దాకా వస్తుంది. ఇన్నేళ్ళు ఆగిన మాట ఇప్పుడు చెబితే, ఓదార్పు కోసం అల్లినట్టు ఉంటుందేమోనని వెనక్కి పోతుంది. ఈలోగా పిల్లలెవరో ఇసుక గుంట దగ్గరనుంచి "అక్కా" అని పిలుస్తారు. ఆమె వెళ్ళిపోతుంది, ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ.