నసీమా అందించని ప్రశ్న

బందరులో గిల్టు నగలకి మెరుగుపెట్టే యాసిన్‌కీ, ఆయన భార్య ఇమాంబీకీ పుట్టుచెవుడు. వాళ్ల ఒక్కగానొక్క కూతురు నసీమాకి మాటలకంటే సైగలే ముందొచ్చాయి. ఆరేళ్ల వయసునుంచీ రేషన్ షాపులో, ఆసుపత్రిలో అమ్మానాన్నల తరఫున మాట్లాడేది తనే. "మీ అమ్మకి నొప్పి ఎక్కడమ్మా?" అని డాక్టరు అడిగితే, అమ్మ వైపు తిరగకుండానే చెప్పేసేది. తెలిసిన సంగతికి మళ్లీ అడగడమెందుకు?

ముప్పై నాలుగేళ్లొచ్చేసరికి బందరు నుంచి దివిసీమ దాకా చెవిటివాళ్లకి ఏ పని పడినా నసీమాకే ఫోను. బ్యాంకు, పోలీస్ స్టేషను, కాన్పుల వార్డు, ఎక్కడికైనా వెళ్లేది. చాలా ఏళ్లు ఎవరూ ఏమీ అడగలేదు. ఈమధ్యే ఒక కోర్టు గుమస్తా అడిగాడు, "ఇంటర్‌ప్రెటర్‌గా సర్టిఫికెట్ ఉందా అమ్మా?" అని. లేదు. అమ్మ ఒళ్లో నేర్చుకున్న భాషకి సర్టిఫికెట్ ఏమిటని వారం రోజులు గొణుక్కుంది. చివరికి గుడివాడలో ప్రతి ఆదివారం జరిగే శిక్షణలో చేరింది.

మూడో ఆదివారం, అభ్యాసం కోసం, పాఠం చెప్పే హరిణిగారు చెవిటి పేషెంటులా కూర్చున్నారు. ఇంకొకాయన డాక్టరులా. నసీమా మధ్యలో. అంతా చకచకా నడిపించి తృప్తిగా చూసింది నసీమా.

"ఈ మందులు వేసుకుంటే నిద్ర పడుతుందా అని సైగ చేశాను. డాక్టరుగారికి చెప్పలేదేంటండీ?" అన్నారు హరిణిగారు.

"అది పెద్ద విషయం కాదు కదా మేడమ్. నేనే తలూపేశాను."

"పెద్దదో చిన్నదో తేల్చేది మీరా? ఆమె అన్నదంతా ఆయనకి చేరాలి. ఆయన అన్నదంతా ఆమెకి చేరాలి. ప్రశ్న మీ దగ్గర ఆగిపోకూడదు."

ఆ మాట నసీమాకి గుచ్చుకుంది. ఎందుకో రావమ్మ గుర్తొచ్చింది.

తిరుగు ప్రయాణంలో పాసింజరు రైలు ఖాళీగానే ఉన్నా సీట్లో కూర్చోలేకపోయింది. కాసేపు కిటికీ దగ్గర, కాసేపు తలుపు దగ్గర. పెడనలో దిగి మళ్లీ ఎక్కింది. నాలుగేళ్ల కిందటి సాయంత్రం కళ్లముందు తిరుగుతూనే ఉంది.

రావమ్మది దివిసీమలో కోడూరు దాటాక ఒక పల్లె. పుట్టుచెవుడు, పెళ్లి కాలేదు. ఇంట్లో తన వాటా తమ్ముడు పున్నారావుకి వదులుకుంటున్నట్టు కాగితం రాయించి, రిజిస్ట్రేషన్‌కి నసీమాని పిలిచారు. "అక్కకి అన్నీ వివరంగా చెప్పాంలే అమ్మా, నువ్వు ఊరికే సమ్మతమేనా అని అడుగు చాలు" అన్నాడు పున్నారావు. అధికారి అడిగాడు. నసీమా సైగ చేసింది. రావమ్మ ఔననలేదు, కాదనలేదు. తిరిగి తనే ఒక ప్రశ్న అడిగింది. బయట బందరు బస్సు హారన్ కొడుతోంది. "సమ్మతమేనండీ" అనేసింది నసీమా. వేలిముద్ర పడింది. సాక్షిగా తనే సంతకం కూడా చేసింది.

మర్నాడు పనులన్నీ పక్కన పెట్టి అవనిగడ్డ బస్సెక్కింది. పులిగడ్డ వారధి మీద బస్సు నెమ్మదించేసరికి, ఇక్కడే దిగి వెనక్కి పోదామా అనిపించింది.

రావమ్మ ఇప్పుడు తమ్ముడి ఇంటి వెనక వంటపాకలో ఉంటోంది. రొయ్యల షెడ్డు నుంచి అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. నసీమా ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు ఆఫీసులో నువ్వొకటి అడిగావు. గుర్తుందా?"

రావమ్మ తడి చేతులతోనే సైగ చేసింది. "ఇక నేనెక్కడుండాలి అని అడిగాను. ఆ అధికారి విని కూడా నాకు జవాబివ్వలేదు."

"ఆయన వినలేదు. నేనే చెప్పలేదు."

రావమ్మ చాలాసేపు ఆమె చేతుల వైపే చూసింది. తర్వాత మొహం పక్కకి తిప్పేసుకుంది. చూపు తిప్పుకున్న మనిషితో సైగల్లో ఇంకేం మాట్లాడతారు? నసీమా అలాగే కూర్చుంది. లేచి గుమ్మం దాకా వెళ్లి మళ్లీ వచ్చి కూర్చుంది. చీకటి పడబోతుండగా రావమ్మ ఇటు తిరిగింది.

"ఇప్పుడు చెప్తావా?"

ఇద్దరూ బందరులో ఉచిత న్యాయ సహాయం ఇచ్చే కార్యాలయానికి వెళ్లారు. అక్కడ రావమ్మ మాటలు తనే చెబుదామనుకుంది నసీమా. హరిణిగారు ఫోన్లోనే వద్దన్నారు. "మీరు సాక్షి. ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోకూడదు. నేనొస్తాను."

పున్నారావు కూడా ఫోన్ చేశాడు. "ఆ రోజు మా ఇంట్లో కడుపునిండా తిని వెళ్లావు. ఇప్పుడు మా మీదే సాక్ష్యమా?"

"మీ మీద కాదు బాబాయ్, నా మీద నేనే చెప్తున్నాను."

రాజీకి కూర్చున్న రోజు నసీమా జరిగినదంతా చెప్పింది. ఎదురుగా హరిణిగారు రావమ్మ మాటలు చెబుతుంటే, ఒకచోట రావమ్మ ఇంట్లో వాడుకునే సైగ ఆవిడకి అర్థం కాలేదు. నసీమాకి తెలుసు. చేతులు లేవబోయాయి. ఒళ్లో గట్టిగా నొక్కి పట్టుకుంది. హరిణిగారు తొందరపడలేదు. "నాకు అర్థం కాలేదు, మళ్లీ అడుగుతాను" అని అందరికీ చెప్పి, రావమ్మనే అడిగి తెలుసుకున్నారు. తెలియలేదని నలుగురిలో చెప్పుకోవచ్చన్న సంగతి నసీమాకి ఇన్నేళ్లలో తట్టనే లేదు.

నాలుగు వాయిదాల తర్వాత పున్నారావు దిగొచ్చాడు. వాటా మొత్తం తిరిగి రాలేదు. తూర్పు గది, ముందు వరండా బతికినంతకాలం రావమ్మవేనని రాసిచ్చాడు. ఈసారి ప్రతి వాక్యం ఆమెకి సైగల్లో చెప్పాకే వేలిముద్ర వేయించారు.

సర్టిఫికెట్ పరీక్ష దరఖాస్తులో నసీమా ఈ సంగతి దాచకుండా రాసింది. విచారణ చేశాక గానీ పరీక్షకి కూర్చోనివ్వం అన్నారు. ఆరు నెలలు ఆగింది. ఆ ఆరు నెలలూ ఏ పిలుపుకీ ఒప్పుకోలేదు. అమ్మానాన్నల విషయంలో మాత్రం, డాక్టరు దగ్గరికి వెళ్తే అమ్మ వైపు తిరిగి అడగడం మొదలుపెట్టింది. ఇమాంబీకి మొదట విసుగొచ్చింది. తర్వాత ప్రశ్న మీద ప్రశ్న వేసి డాక్టరునే విసిగించింది.

పరీక్ష పాసైంది, మరీ గొప్ప మార్కులేం కాదు. ఆ వారమే రావమ్మ నుంచి వీడియో కాల్ వచ్చింది. కంటి ఆపరేషన్ చేయించుకోవాలట, ఆసుపత్రికి ఇంటర్‌ప్రెటర్ కావాలట. నసీమా అప్పటికే బస్సు వేళలు లెక్కేసుకుంటోంది.

"నువ్వు కాదు, ఆవిడ కావాలి" అని సైగ చేసింది రావమ్మ.

నసీమా కాసేపు ఫోను పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగింది. తర్వాత హరిణిగారికి ఫోన్ చేసి, రావమ్మ అన్న మాట అన్నట్టే చెప్పింది.