అన్‌రిమార్కబుల్

రెండువేల అయిదు ప్రాంతంలో నెల్లూరు నుంచి భద్రాచలానికి బదిలీ అయ్యాను. నా భార్యకు తలనొప్పి తగ్గకపోతే ఖమ్మం వెళ్లి స్కాన్ తీయించాం. డాక్టరుకు మర్నాడు చూపించాలి. తిరుగు బస్సులో ఆగలేక కవరు విప్పితే, ‘బ్రెయిన్ అన్‌రిమార్కబుల్’ అని ఉంది. చెప్పడానికి కూడా వీల్లేని జబ్బేమోనని ఆ మాటే మళ్లీ మళ్లీ చదివాను.

పాల్వంచ దాటాక, డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న పక్కసీటు నర్సు నన్ను చూసి, “ఏమైంది సార్, గట్లున్నరు?” అంది. కాగితం ఇచ్చాను.

“రిమార్కు పెట్టేదేం లేదని సార్. అంతా మంచిగున్నదన్నట్టు. డాక్టర్లు గట్లనే రాస్తరు.”

ఊపిరి పీల్చుకుని, కిటికీ పక్కనున్న నా భార్యతో, “నీ మెదడులో చెప్పుకోదగ్గదేమీ లేదంట,” అన్నాను.

“పెళ్లయిన కాడ్నించీ మీరనేది అదే గదా,” అని నవ్వింది. ఆమె నవ్వు విని అప్పటికి నెల దాటింది.