ఎర్రపెట్టకు సొలొమోను తీర్పు

ఇద్దరు తల్లులు తగువుపడిన బిడ్డను రెండు ముక్కలు చేయమంటే, కన్నతల్లి వద్దని ఏడ్చిందట. ఆదివారం పాదిరిగారు చెప్పిన ఈ సొలొమోను తీర్పు నా మనసుకు బాగా పట్టింది. ఈ రోజు మా బరంపురం వీధిలో ఇద్దరు ఆడవాళ్లు, కాలికి నీలం పీలిక కట్టిన ఎర్రపెట్ట నాదంటే నాదని కొట్టుకుంటున్నారు.

"చెరిసగం కోసెయ్యండి," అన్నాను, ఎవరేడుస్తారా అని చూస్తూ.

"కోసీండి బాబూ, తొడల వైపు నాకిచ్చీండి," అంది ఒకామె. రెండో ఆమె కత్తిపీట తెచ్చింది.

ఛత్రపూర్ కలెక్టరు దొర కూడా ఇంత త్వరగా తగువు తీర్చలేడని మురుస్తూ ఇల్లు చేరాను.

"మన ఎర్రపెట్ట అగుపడనేదు. మీ పాత పంచె నీలం అంచు సింపి కాలికి కట్టినాను, ఎక్కడైనా సూసినారేటి?" అంది మా ఆవిడ.

సొలొమోను రాజు ఇంట్లో కోళ్లుండేవో లేదో తెలిసినవారు చెప్పండి. మా ఇంట్లో మాత్రం ఇక లేవు.