కలిదిండిలో తగ్గిన యూనిట్లు

2023 ఫిబ్రవరి 12, ఆదివారం, ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు, కలిదిండి దగ్గర చెరువుల మధ్య మా వదిన గారి వసారాలో నా కారుకు మొదటిసారి ప్లగ్గు పెట్టాను. అప్పటికి కారు బ్యాటరీలో చార్జింగ్ ముప్పై నాలుగు శాతం ఉంది. సాయంత్రం నాలుగూ ఇరవైకి ఎనభై అయింది. సరిగ్గా ఏడు గంటలు. సాకెట్టు పక్కన నేను పెట్టించుకున్న సబ్ మీటరులో ఇరవై పాయింటు ఐదు యూనిట్లు తిరిగాయి. ముప్పై ఒక్క సంవత్సరాలు కరెంటు ఆఫీసులో మీటరు రీడింగులు సరిచూసిన దాన్ని. రాసుకోకపోతే నాకు రోజు గడిచినట్టే ఉండదు.

వదిన అంటే నా భర్తకు అక్క. ఆవిడ భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. నాకూ లేరు. మా ఇద్దరికీ కలిపి ఒకే ఒక్క మనిషి ఉండేవారు, ఆవిడకు తమ్ముడు, నాకు భర్త. ఆయన 2022 నవంబరులో పోయారు. బ్యాటరీ కారు కొనాలన్నది ఆయన సరదా. బుక్ చేశారు, బండి వచ్చేలోపు పోయారు. కావాలంటే రద్దు చేసుకోవచ్చని షోరూము వాళ్లు ఫోన్ చేశారు. నాకు డ్రైవింగ్ వచ్చు. తెచ్చుకున్నాను.

తెచ్చుకున్నాక తెలిసింది అసలు కష్టం. నేను ఏలూరులో అపార్ట్‌మెంటులో మూడో అంతస్తులో ఉంటాను, కారు సెల్లారులో ఉంటుంది. నా మీటరు నుంచి కిందికి లైను లాక్కుంటానని అసోసియేషన్‌కు మూడుసార్లు రాసిచ్చాను. ఎక్కడో బ్యాటరీ బండి తగలబడిన వీడియో అప్పటికే అందరి ఫోన్లలోకీ వచ్చేసింది. "మీరేమీ అనుకోకండి మేడం గారండీ, పిల్లలున్న ఇళ్లు," అన్నారు సెక్రటరీ. ఊళ్లో ఒక హోటలు ముందు చార్జింగ్ మిషను ఒకటి పెట్టారు. నేను వెళ్లిన ఆరుసార్లూ దాని తెర మీద ఎర్ర అక్షరాలే కనిపించాయి. వదిన గారింట్లో మాత్రం పదహారు ఆంపియర్ల సాకెట్టు ఉంది. చెరువులు లీజుకిచ్చేశాక ఆ సాకెట్టుతో ఆవిడకు పనిలేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అంతకుముందు మేమిద్దరం అంత దగ్గరి వాళ్లం కాదు. ఆవిడది చేతి అందాజు, నాది కొలత. నా వంట తక్కెడలో తూచినట్టుంటుందని పెళ్లయిన కొత్తలో అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. ఆయన పోయాక ఒకరినొకరం చూసుకోవాలని ఉన్నా, ఊరికే రావడం నాకు చేతకాదు, ఊరికే రమ్మనడం ఆవిడకు చేతకాదు. కారు ఆ ఇబ్బంది తీర్చింది.

మొదటి రోజు కేబుల్ చూసి, "ఏం మరదలా, దూడని కట్టేశావా?" అన్నారు.

"దూడేమిటండీ వదినా?"

"మరి పలుపుతో గుంజకి కట్టినట్టే ఉందిగా. తాగినంత తాగనీ. ఎంతసేపు పడుతుందేమిటి?"

"ఏడు గంటలండీ."

"ఏడు గంటలు నా మొహం చూస్తూ కూచోవాలన్నమాట. పాపం."

అప్పటి నుంచి పదిహేను రోజులకొక ఆదివారం వెళ్లేదాన్ని. ఏలూరు నుంచి నలభై ఐదు కిలోమీటర్లు. కొల్లేరు దాటేటప్పుడు రోడ్డుకు రెండు పక్కలా నీళ్లు, ఆ నీళ్ల మీద గూడబాతులు. కైకలూరు దాటాక ఇంక చెరువులే. ఇంటి చుట్టూ చెరువుల్లో చేపల కోసం నీళ్లకు గాలి కలిపే మోటారు చక్రాలు తిరుగుతూ, పగలల్లా వాన కురుస్తున్నట్టు చప్పుడు. వదిన బొమ్మిడాయిల పులుసు పెట్టేవారు. తిన్నాక ఒంటి గంటకు నేను మంచం మీద నడుం వాల్చేదాన్ని. రెండున్నర దాటాక లేస్తే టీ. ఆ తరువాత నాలుగూ ఇరవై దాకా ఆవిడ చెప్పడం, నేను వినడం.

చెప్పేదంతా ఆయన చిన్నతనమే. నలభై ఒక్క సంవత్సరాలు కాపురం చేసినా నాకు తెలియని మనిషి ఒకరు ఆ వసారాలో తిరిగేవారు. బడికి వెళ్తున్నానని చెప్పి బల్లకట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ కూచున్న పిల్లవాడు, అక్క జడ గంటలు అమ్మేసి గాలిపటం కొన్నవాడు. నేను నోట్‌బుక్కులో వెనక పేజీ నుంచి వరస నంబర్లు వేసి రాసుకున్నాను. 2024 జులై నాటికి అరవై ఒకటి.

2023 జూన్ 18న మొదటిసారి లెక్క తప్పింది. నాలుగూ ఇరవైకి కారులో డెబ్బై శాతమే ఉంది. మీటరులో పదిహేను పాయింటు తొమ్మిది. నాలుగు పాయింటు ఆరు యూనిట్లు తక్కువ.

"డెబ్బైతో కదలదా?" అన్నారు వదిన.

"కదులుతుందండీ. నా లెక్క ఎనభై."

"అయితే నీ లెక్క నిండేదాకా ఉండు. నేనేమన్నా వెళ్లమన్నానా?"

మిగతాది నిండాలంటే ఇంకో గంటన్నర పైన పడుతుంది, ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. కంటి ఆపరేషన్ అయినప్పటి నుంచి నేను చీకట్లో బండి నడపను. ఉండిపోయాను. ఆ సాయంత్రం వదినకు ఒళ్లు వెచ్చబడింది. మిరియాల పాలు కాచి ఇచ్చాను. ఉండడమే మంచిదైందని నోట్‌బుక్కులో రాసుకున్నాను. దాని కిందే 'వోల్టేజి?' అని రాసి గుర్తు పెట్టాను.

తరువాత అది అప్పుడప్పుడూ జరుగుతూ వచ్చింది. ప్రతిసారీ నాలుగున్నర, నాలుగు పాయింటు ఆరు, నాలుగు పాయింటు ఏడు. చెరువుల చక్రాలన్నీ ఒక్కసారి తిరిగినప్పుడు వోల్టేజి పడిపోతోందని నేను తేల్చాను. ఫోనులో చూస్తే కారు ఎప్పుడు ఆగిందో తెలుస్తుందంటారు గాని, ఆ చెరువుల మధ్య సిగ్నల్ ఉండదు. నేను మేలుకుని ఉన్నప్పుడు వోల్టేజి చూస్తే బాగానే ఉండేది. నిద్రపోయినప్పుడు పడిపోతుంది కాబోలనుకున్నాను. ఆ మాట రాసి కూడా దాన్ని మళ్లీ చదువుకోలేదు.

నాలుగోసారి తగ్గాక, అక్టోబరు 8న, ఏలూరు నుంచి ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకు వెళ్లాను. మా వీధి చివర మోటారు వైండింగ్ షాపు ఆయనది, ముస్లిం, అరవైకి దగ్గర పడ్డ మనిషి. కొల్లేరు చెరువుల మోటార్లన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్లినవే, వదిన గారు ఆయనకు ముందే తెలుసు. సాకెట్టు విప్పాడు, వైరు చూశాడు, ఎర్తు చూశాడు.

"లైను దివ్యంగా ఉందండి అమ్మగారూ."

"మరి యూనిట్లు ఎటు పోతున్నాయి?"

ఆయన నావైపు కాకుండా వదిన వైపు చూశాడు. "ఎటూ పోవండి. కరెంటు ఎక్కడికి పోతుందండి."

"మా మరదలు ఆఫీసు మానేసినా ఆఫీసు మా మరదల్ని మానలేదు," అన్నారు వదిన. "నువ్వు రావయ్యా, టీ తాగుదువుగాని." ఆయన వంటింటి గుమ్మం దగ్గర నిలబడి టీ తాగాడు. నేను కారులో కూచుని పట్టిక గీసుకుంటున్నాను.

2024 జులై నాటికి ముప్పై మూడు ఆదివారాలు వెళ్లాను. పదకొండుసార్లు యూనిట్లు తగ్గాయి. పదకొండుసార్లూ ఉండిపోయి తెల్లవారాక బయలుదేరాను. నమ్మకం లేని లైను మీద ఆధారపడడం నా పద్ధతి కాదు.

తాడేపల్లిగూడెంలో మా రిటైర్డు ఉద్యోగుల సంఘం ఉంది. శనివారం శనివారం అక్కడికి వెళ్లి, రాయడం రానివాళ్లకు పెన్షను కాగితాలు నింపిపెడతాను. అంతకుముందు రైల్లో వెళ్లేదాన్ని. జులైలో గూడెం దగ్గర హైవే మీద ఫాస్ట్ చార్జింగ్ పెట్టారని విని, 27వ తేదీ శనివారం కారులోనే వెళ్లాను. కారుకు తగిలించే గన్నులు రెండున్న మిషను, ఒకటి పనిచేస్తుంది. నా ముందు టాక్సీ ఒకటి ఉంది, ఇరవై నిమిషాలు ఆగాను. నా వంతు వచ్చాక యాభై రెండు నిమిషాల్లో ఎనభై అయింది. కలిదిండిలో ఏడు గంటల పని. చాలా సంతోషించాను. ఆ సంగతి చెప్పుకుందామని చుట్టూ చూస్తే టాక్సీ వెళ్లిపోయింది. మిషనులో ఫ్యాను గోల, హైవే మీద లారీలు. 'చార్జింగ్ పూర్తయింది, ధన్యవాదాలు' అని తెర మీద వచ్చింది. తిన్నావా అని అడిగే మనిషి లేని చోట భోజనం డబ్బా విప్పడం నాకు కొత్త. విప్పి, ఒక ముద్ద తిని, మూతపెట్టేశాను.

మర్నాడు కలిదిండి వెళ్లి కేబుల్ తీయకుండా లోపలికి నడిచాను. "ఇక మీకు శ్రమ లేదండీ వదినా. గూడెంలో పెట్టుకొచ్చేస్తున్నాను."

"మంచిదేనమ్మా," అన్నారు. "నాకేం శ్రమ? తాగేది దూడ."

వంటింట్లో రాత్రికి కూడా కలిపి పప్పు నానబోసి ఉండడం చూశాను. చూసి ఏమీ అనుకోలేదు. పదకొండు కాకముందే బయలుదేరాను.

అలా పదహారు ఆదివారాలు వెళ్లాను, వెళ్లినప్పుడల్లా గంటన్నర. భోజనం వేళకు ఇంటికి వచ్చేసేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంటులో అందరి తలుపులూ వేసి ఉంటాయి. లిఫ్టు కదిలితే ఏ అంతస్తులో ఆగిందో వినేదాన్ని. మూడో అంతస్తులో ఆగేది కాదు. అలా మిగుల్చుకున్న గంటల్లో నేను ఏం చేశానో చూద్దామని ఈ మధ్య నోట్‌బుక్కు తిరగేశాను. ఏమీ రాసి లేదు. వెనక పేజీల్లో నంబర్లు అరవై మూడు దగ్గర ఆగాయి.

చివరిసారి వెళ్లింది 2025 మార్చి 9న. ఆయన పదమూడో ఏట ఇంట్లో చెప్పకుండా గూడెం పారిపోయిన సంగతి వదిన ఆ రోజు మొదలుపెట్టారు. ఎవరి సైకిలు మీద వెళ్లాడో చెప్పారు. ఎందుకు వెళ్లాడో చెప్పబోతుంటే నేను బ్యాగులోంచి తాళం తీశాను. ఆవిడ మాట ఆపి, సాకెట్టు వైపు చూశారు. దుమ్ము పడకుండా దానికి పాలిథిన్ కవరు చుట్టి, దారంతో కట్టి ఉంచారు.

"ఒక్క గంట పెట్టుకోకూడదా? ఊరికే ఉందిగా."

"అక్కర్లేదండీ వదినా. నలభై ఎనిమిది ఉంది. ఇంటికి పదిహేను చాలు."

"అంతేలే. నీకు పదిహేను చాలు," అన్నారు. "మిగతాది ఈసారి చెప్తాలే."

మార్చి 19, బుధవారం, ఉదయం ఆరూ పదికి చెరువుల లీజుదారు ఫోన్ చేశాడు. వసారాలో కుర్చీలోనే పోయారట. నేను వెళ్లేసరికి ఏడూ నలభై. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి.

ఏప్రిల్ 6న, సబ్ మీటరు తీసేద్దామని ఎలక్ట్రీషియన్‌ను తీసుకుని మళ్లీ వెళ్లాను. ఆయన పాలిథిన్ కవరుకున్న దారం విప్పుతూ, "మీకు ఒక సంగతి చెప్పాలండి అమ్మగారూ. చెప్పకపోతే నాకు నిద్ర పట్టడం లేదండి," అన్నాడు.

"చెప్పండి."

"లైనుకి ఎప్పుడూ ఏమీ కాలేదండి. ఒక్కో ఆదివారం మీరు నిద్రపోగానే పెద్దమ్మగారు స్విచ్చి కట్టేసేవారండి. మీరు లేచే ముందు వేసేవారు. మొదటిసారి ఒంట్లో బాగోక, ఉండమని అడగలేక అలా చేశారటండి. నేను లైను చూడ్డానికి వచ్చిన రోజు టీ ఇస్తూ చెప్పారు."

"మీరు నాకు చెప్పలేదు."

"చెప్పొద్దనలేదండి ఆవిడ. 'మా మరదలు లెక్కల మనిషి, తనే పట్టుకుంటుందిలే,' అన్నారు. పట్టుకుంటే ఏం చెప్తారండీ అన్నాను. 'పట్టుకున్నాక ఇంక చెప్పేదేముందయ్యా, పట్టుకుని కూడా వస్తే చాలు,' అన్నారండి."

ఆయన స్క్రూలు ఒక్కొక్కటీ విప్పి జేబులో వేసుకుంటున్నాడు. నేను కారులోంచి నోట్‌బుక్కు తెచ్చుకుని వసారా మెట్టు మీద కూచున్నాను. నాలుగు పాయింటు ఆరు యూనిట్లు. గంటకు రెండు పాయింటు తొమ్మిది మూడు చొప్పున తొంభై నాలుగు నిమిషాలు. ఒంటి గంట నుంచి రెండూ ముప్పై నాలుగు. నా నిద్ర అంతే. సబ్‌స్టేషను నుంచి వెళ్లే ఫీడరు లైను లైనునా తగ్గిన యూనిట్లు ఎక్కడ తగ్గాయో పట్టుకుని రిపోర్టు రాసిన దాన్ని, ఈ ఒక్క భాగహారం చేయలేదు. చేయడం ఇష్టం లేకనే చేయలేదేమో కూడా చెప్పలేను. డెబ్బై శాతంతో ఏలూరు రెండుసార్లు వెళ్లి రావచ్చు. ఆ సంగతి నాకు అప్పుడూ తెలుసు.

మీటరు తీయవద్దని ఎలక్ట్రీషియన్‌తో చెప్పాను. ఆయన జేబులోంచి స్క్రూలు తీసి మళ్లీ బిగించాడు. అప్పుడు కారులో నలభై ఎనిమిది శాతం ఉంది. కేబుల్ తీసి ప్లగ్గు పెట్టాను. ఒంటి గంటకు ఆవిడ మంచం మీద పడుకున్నాను గాని నిద్ర రాలేదు. నాలుగూ ఇరవైకి వెళ్లి చూస్తే మీటరులో ఒక్క పాయింటు కూడా తగ్గలేదు. ఎలక్ట్రీషియన్‌ను కారెక్కించుకుని బయలుదేరాను.

ఇప్పుడు లెక్క.

పదహారు ఆదివారాలు, ఆదివారానికి ఐదున్నర గంటలు. పోయినవి ఎనభై ఎనిమిది గంటలు.

ముప్పై మూడింటికి పదకొండు రాత్రులు ఉన్నాను. ఆ లెక్కన పదహారింటికి పోయినవి ఐదు రాత్రులు.

ఆయన గూడెం ఎందుకు వెళ్లారో, ఆ సంగతిలో సగం.

నేను వినవలసి ఉండి వినని మిగతా సంగతులు ఎన్నో తెలియదు. ఆ గడి ఖాళీగా వదిలాను.

పదకొండుసార్లు తగ్గిన యూనిట్లు మొత్తం యాభై పాయింటు ఆరు. అవి పోలేదు.