నాగమ్మక్క మెడ మీది గడ్డ

"మగ్గం మీది చీర ఎందాంక వచ్చిందే?"

"కొంగు కాడికొచ్చింది, అక్కా."

"మరి ఈడేం జేస్తున్నవ్? పో!"

నాగమ్మక్కకూ నాకూ మధ్య చివరి మాటలు ఇవే. ముసలితనంతో మంచం పట్టి కూడా నన్ను పనికి తరిమింది. ఆమె క్యాన్సరుతో పోలేదు, అది ముందే చెప్పాలి.

గద్వాలలో మా పక్కిల్లే ఆమెది. నా మగడు చనిపోయాక నన్ను తన మగ్గం మీద పక్కన కూర్చోబెట్టుకుని, నూలు చీరకు పట్టు అంచు కలిపి నేయడం నేర్పింది. తప్పు నేస్తే చేతి మీద కొట్టేది. "ఏడ్వాల్నంటే లేచి పోయి ఏడ్వు, పట్టు తడుస్తది" అనేది.

ఆ రోజుల్లోనే ఆమె మెడ మీద గడ్డ లేచింది. పెద్ద దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేసి క్యాన్సరన్నారు. వైద్యం మొదలుపెట్టకముందే ఆమెకు ఒళ్ళు కాలిపోయేంత జ్వరం వచ్చింది. అది తగ్గాక గడ్డ కరగసాగింది. కొన్ని నెలలకు తడిమినా చేతికి తగల్లేదు. డాక్టర్లు మళ్ళీ పరీక్షలు చేశారు. ఎక్కడా లేదు. ఎలా పోయిందో చెప్పలేమని, ఇది ఎక్కడో ఒకరికి జరుగుతుందని, చూపించుకుంటూ ఉండమని అన్నారు.

జనం ఊరుకుంటారా? రాజోలి నుంచి, మానవపాడు నుంచి ఆడవాళ్ళు వచ్చారు. చీర కోశాక మగ్గం మీద మిగిలిన పోగులు ఏరుకుపోయి మెడలకు కట్టుకున్నారు. "నేనేం దేవతనా? నాది ఎట్ల పోయిందో నాకే తెల్వదు. దవాఖానకు పోండ్రి!" అని ఆమె గుమ్మంలో నిలబడి అరిచేది. వాళ్ళు తెచ్చిన కొబ్బరికాయలు పగలగొట్టి చట్నీ నూరేది.

కొన్నేళ్ళకు నా రొమ్ములో గడ్డ తగిలింది. ఎవరికీ చెప్పలేదు. నేనూ ఒక పోగు తీసి మెడకు కట్టుకుని జాకెట్టులో దాచాను. ఆమెకు పోయినట్టే నాకూ పోతుందనుకున్నాను. ఒకనాడు నేత మీద వంగితే ఆ పోగు బయటపడింది.

"ఇదేందే?"

"ఏం లేదక్కా."

"ఎన్నాళ్ళాయె గడ్డ లేచి?"

నేను పోగును జాకెట్టులోకి తోయబోయాను. ఆమె కత్తెర తీసి పోగు తెంపేసింది.

"నాది పోయిందని నీది పోతదా? రేపు నీ బిడ్డకు ఏమని చెప్పాల్నే నేను? లెవ్వు!"

నేత మధ్యలో ఆమె మగ్గం దిగడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. దవాఖానకు పోయే బస్సులో దారి పొడవునా తిట్టింది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

గడ్డ కోసి తీశారు. మందు ఎక్కించారు. జుట్టంతా ఊడింది. బతికాను.

ఇప్పటికీ మా వీధిలో కొందరు నాగమ్మ పోగు వల్లే నేను బతికానంటారు. అందుకే ఇది నా బిడ్డ సుజాతతో రాయిస్తున్నాను. నన్ను ఆపరేషన్ బతికించింది, అక్కడికి లాక్కుపోయింది నాగమ్మక్క. దేవతనని ఒప్పుకుని ఉంటే ఊరంతా ఆమె కాళ్ళ మీద పడేది. ఆమె ఒప్పుకోలేదు. అటువంటి మనిషి పక్కన కూర్చుని నేశాను నేను. ఇప్పుడు ఎవరైనా గడ్డ అంటే నేనే మగ్గం దిగి దవాఖానకు తీసుకుపోతాను. తిడతాను కూడా.

సుజాతా, ఆమె తిట్లేం తీసెయ్యలేదు గదా బిడ్డా? ఏదీ, మొదటికెల్లి చదువు, నేను వింట.