హయగ్రీవ నోటుబుక్కులో లేని గడి

కోలారు బంగారు గనుల్లో ఖనిజం పరీక్షించే ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో, హయగ్రీవ రాయిని నాలుకతో తాకి టన్నుకు ఎన్ని గ్రాముల బంగారం పడుతుందో చెప్పేవాడట. ఒకరోజు పొద్దుగూకులూ నాకి, సాయంత్రం ఉమ్మితే పావు తులం బంగారం పడిందట. ఈ మాట ఆయనే చెప్పేవాడు. "ఆ పావు తులం నా మెళ్లో ఎందుకు లేదో అడగండి," అని వంటింట్లోంచి భార్య వత్సలమ్మ అందుకునేది.

గనులు మూతపడ్డాక ఆయన చేతికి ఇంకో పని దొరికింది. ఏటా ఏ మెడికల్ కాలేజీలో చివరి సీటు ఎన్ని మార్కులకు ఆగిందో నోటుబుక్కులో రాసిపెట్టేవాడు. ఒక గడిలో కాలేజీ, పక్క గడిలో మార్కులు. పల్లెలవాళ్లు పిల్లల మార్కుల కాగితం పట్టుకొస్తే వేలు కిందికి జరుపుతూ పోయి, "వస్తుంది" అనో "రాదు" అనో తేల్చేసేవాడు. తొమ్మిదేళ్లు ఒక్క మాటా తప్పలేదు.

పదో ఏడు బూదికోట నుంచి ఆవులప్ప వచ్చాడు. పట్టుపురుగులు పెంచే రైతు. వెంట కూతురు నేత్రావతి. నీట్ రెండోసారి రాసి ఆరువందల ఎనిమిది తెచ్చుకుంది. రైతుబిడ్డల కోటాలో పశువైద్యం సీటు కూడా వచ్చింది. దానిలో చేరడానికి మర్నాడే ఆఖరు.

"చేరితే ఒరిజినల్ కాగితాలు వాళ్లే పెట్టుకుంటారంట సార్. మళ్లీ ఇడిపించుకోవాలంటే కట్టిన ఫీజు పోతాది. చేరేదా, ఇడిసేదా?" అన్నాడు ఆవులప్ప.

హయగ్రీవ వేలు జరిపాడు. నిరుడు ఐదువందల డెబ్బై అయిదుకే గవర్నమెంటు సీటు.

"పశువుల డాక్టరెందుకప్పా? మనుషుల డాక్టరు నీ పక్కనే నిలబడుంటే! వదిలెయ్."

"సార్, ర్యాంకు డెబ్బై వేల దగ్గిర ఉండాది. నిరుడు చివరి సీటుకి ఎంతో చూడండి," అంది నేత్రావతి.

ఆ గడి నోటుబుక్కులో లేదు.

"ర్యాంకు మార్కులకు నీడమ్మా. మనిషి పెరిగితే నీడ పెరగదా? ఇదిగో, పర్సెంటైల్ తొంభైఏడు. నూరు మందిలో ముగ్గురే నీ ముందు. భయమెందుకు?"

వాళ్లు సీటు వదిలేశారు.

మెడికల్ సీట్ల మొదటి జాబితాలో పేరు లేదు. రెండోదాంట్లో లేదు. ఆఖరిదాంట్లోనూ లేదు. ఆ ఏడు అందరికీ మార్కులు పొంగాయి. చివరి సీటు ఆరువందల నలభై దగ్గర ఆగిపోయింది. రాసినవాళ్లు ఇరవైమూడు లక్షలు. నూటికి ముగ్గురంటే అరవైతొమ్మిది వేల మంది. ఈ లెక్క హయగ్రీవ అప్పుడు వేశాడు. నోటుబుక్కు చంకన పెట్టుకుని బూదికోట బస్సెక్కాడు.

ఆవులప్ప కూర్చోమనలేదు. మల్బరీ ఆకు తరుగుతూనే ఉన్నాడు.

"సార్, మార్కెట్టుకి పట్టుగూళ్లు తీసుకుపోతే నేను మొదట ఏమి అడుగుతానో తెలుసునా? ఈ పొద్దు ఎంత సరుకు దిగిందని. నిరుటి గూడే, నిరుటి తెలుపే. దిగేది ఎక్కువైతే రేటు పడిపోతాది. చదవను రాయను రాని నేనే అడుగుతా. మీరు అడగలే."

"తప్పు నాదే అప్పా."

"పాప అడిగింది గదా సార్, ర్యాంకు చూడమని."

జీవితంలో మొదటిసారి హయగ్రీవకు ఒక అబద్ధమైనా నోటికి రాలేదు.

అప్పుడే నేత్రావతి కంపెనీ నీలం చొక్కాతో బయటికొచ్చింది. కోలారు పక్క నరసాపురం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని, రెండో షిఫ్టు. "ఇంకోసారి రాయమ్మా," అన్నాడాయన.

"రెండేండ్లు రాసినా సార్. ఇంగ చాలు." రోడ్డు మీద కంపెనీ బస్సు హారన్ మోగింది. ఆమె పరుగెత్తలేదు, నడుచుకుంటూ వెళ్లి బస్సెక్కింది.

తల్లి మునివెంకటమ్మ పురుగుల తట్టల దగ్గరి నుంచి లేచొచ్చి చెయ్యి చాచింది.

"ఆ బుక్కు ఇట్ల ఇయ్యండి సార్. తట్టల్లో పరిచేదానికి కాగితాలు చాలలే."

ఆయన ఇచ్చాడు. ఆమె మొదటి కాగితం సరిగ్గా చించలేకపోతే, పక్కన కూర్చుని తనే ఒక్కొక్కటీ చించి అందించాడు. పురుగులు ఆకు నమిలే చప్పుడు వానలా వినిపిస్తూనే ఉంది.