మీటరాయన కాళ్లు కడుక్కున్న చోటు

కరెంటు పనులు చేసే ఆయనను ఊరంతా మీటరాయన అంటుంది. మీటరు చూపిస్తేనే నమ్ముతాడు, మనిషి చెబితే నమ్మడు. దానికి తోడు శుభ్రం పిచ్చి. ఎవరింటికి వెళ్లినా బయటే రెండు బకెట్ల నీళ్లతో కాళ్లు కడుక్కుంటే గాని లోపల అడుగు పెట్టడు.

ఆయన భార్యకు అక్క, అంటే వదినగారు, పొలాల మధ్య ఇంట్లో కొడుకుతో ఉంటుంది. పగలు ఫ్రిజ్ మొదలవగానే ఫ్యాను నీరసపడిపోతోందని ఆవిడ మొర. మీటరాయన మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ గుమ్మం పక్క నేలలో పాతిన ఎర్త్ కడ్డీ దగ్గరే కాళ్లు కడుక్కున్నాడు. అక్కడ పాదాలు జివ్వుమంటే వయసు తిమ్మిరి అని వదినగారితో చెప్పి మాత్రలు మింగాడు గాని, లోపల తన మీటరు మాత్రం కరెంటు నిక్షేపంగా ఉందంది.

"కరెంటు బంగారంలా ఉంది వదినగారూ. లోపం మీ కళ్లలో ఉంది," అన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చే కొడుక్కీ ఏ తేడా కనబడలేదు. అమ్మకి మతి తప్పుతోందని సోమవారానికి డాక్టరు దగ్గర నంబరు రాయించాడు. ఆ చీటీ చూసినప్పటి నుంచి ఆవిడకు ముద్ద దిగడం లేదు.

ఆదివారం, భార్య పోరు పడలేక మీటరాయన నాలుగోసారి వచ్చాడు. పాదానికి మేకు గుచ్చుకుని కట్టు ఉంది, తడపకూడదు. జీవితంలో మొదటిసారి కాళ్లు కడుక్కోకుండా లోపలికి నడిచాడు. ఫ్రిజ్ మొదలైంది. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టుకోవచ్చు అన్నంత నెమ్మదించింది. మీటరు రెండువందల ముప్పై వోల్టుల నుంచి నూట నలభైకి పడిపోయింది.

ఈసారి తాను చేయనిది కాళ్లు కడుక్కోవడం ఒక్కటేనని ఆయనకు తట్టింది. బయటికెళ్లి, దూరం నుంచే కడ్డీ మీదికి రెండు బకెట్లు విసిరాడు. ఫ్యాను లేచి తిరిగింది.

మెయిన్ ఆపి స్తంభం దగ్గర చూస్తే న్యూట్రల్ తీగ తెగి ఉంది. ఆ తీగలో తిరిగి వెళ్లాల్సిన కరెంటు ఈ కడ్డీ పట్టుకుని నేలలోకి దిగుతోంది. నేల తడిస్తే దారి తెరుచుకుంటుంది, ఎండితే మూసుకుపోతుంది. పొలం నుంచి వచ్చిన కొడుకు కాళ్లు కడుక్కునేదీ అక్కడే. తన పాదాలు జివ్వుమన్నది వయసుతో కాదు, ఆ కరెంటుతోనేనని మీటరాయనకు అప్పుడు తెలిసింది.

సరఫరా వాళ్లను పిలిపించి తీగ కలిపించేసరికి సాయంత్రమైంది. కొడుకు వచ్చాడు.

"మతి తప్పింది మీ అమ్మకి కాదురా, నాకు," అన్నాడు మీటరాయన తల దించుకుని.

వదినగారు అలమరలోంచి డాక్టరు చీటీ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"రాయించిన నంబరు వృథా ఎందుకు మరిదిగారూ, రేపు మీరు వెళ్లండి. ఆ తిమ్మిరి కూడా చూపించుకోండి."